పసుపు పక్కన నీలం

మా కోడలు నాతో మూడు రోజులు మాట్లాడలేదు. అత్తాకోడళ్లన్నాక ఇవన్నీ మామూలేగా అంటారు కాబోలు! కాని కారణం చెబితే మీరు నవ్వుతారు. నగలు కాదు, చీరలు కాదు, పులుసులో ఉప్పు ఎక్కువై కూడా కాదు. గుప్పెడు ఆకులు! పూలు వాడిపోయి, నేలమీద వాలిపోయి, చీపురుకు అడ్డం పడుతున్న ఆకులు కోసి పారేశాను. అంతే నేను చేసిన నేరం. శిక్ష మాత్రం మూడేళ్లు అనుభవించాను.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మాది రాజమండ్రి. మావారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 2015లో ఆయన పోయారు. "ఒక్కదానివీ అక్కడేం చేస్తావమ్మా, మా దగ్గరికి వచ్చెయ్యి" అని మా అబ్బాయి పట్టుబట్టి, 2016 అక్టోబరులో నన్ను అమెరికా తీసుకువెళ్లాడు. న్యూజెర్సీ రాష్ట్రంలో వాళ్లకు సొంత యిల్లు వుంది. ఇంటిముందు పచ్చిక, వంటింటి కిటికీ కింద రెండడుగుల వెడల్పున మట్టి.

అక్కడ పాలవాడు లేడు, కూరలబండి లేదు, పనిమనిషితో తగువు లేదు. కోడలు మంచి పిల్లే. "అత్తయ్యా, మీరు కూర్చోండి, నేను చేస్తాగా" అనేది. ఆ 'కూర్చోండి' అన్నమాట రోజుకు పదిసార్లు వింటూంటే, యీ యింట్లో నేను చుట్టాన్నే గాని మనిషిని కాదేమో అనిపించేది. పని లేకపోవటమంత పెద్ద పని మరొకటి లేదు సుమండీ!

ఆ చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుని మంచు చూస్తూ గడిపాను. ఏప్రిల్ వచ్చింది. ఒకరోజు ప్రొద్దున్నే కాఫీ కలుపుతూ చూద్దును గదా, కిటికీ కింద మట్టిలో వంకర వరసగా పసుపుపచ్చని పూలు! ఒక్కొక్కటీ మధ్యలో గిన్నె, చుట్టూ ఆరు రేకులు. ఎండ ముద్దకట్టి మొక్కకు తగిలించినట్లు వున్నవి. వాటి పేరు డాఫొడిల్స్ అని మా మనవరాలు చెప్పింది. దానికప్పుడు ఎనిమిదేళ్లు.

రెండు మూడు వారాలకు పూలు వాడిపోయినవి. ఆకులు మాత్రం ఉల్లికాడల్లా పొడుగ్గా సాగి, యిటూ అటూ పడిపోయినవి. మే మొదటివారంలో మనవరాలి పుట్టినరోజు. పదిమంది వస్తారు. వాకిలి చూస్తే అలా వుంది! పైగా మొక్కల సంగతి నాకు తెలియదా? మాకు పక్కనేగా కడియం నర్సరీలు! మా పెరట్లో నేను పెంచని పూలమొక్క లేదు. మల్లెకు ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తేగాని పూత రాదని నాకు మా అత్తగారు చెప్పింది. పాత ఆకు తీసేస్తే కొత్త పూత వస్తుంది, ఇదీ నా శాస్త్రం. కత్తెర తెచ్చి, డాఫొడిల్ ఆకులన్నీ మట్టిదాకా కోసి, చెత్తబుట్టలో వేసి, వాకిలి తుడిచి, చక్కగా ముగ్గు కూడా పెట్టాను. చాలా నెలల తరువాత నా చేతికి పని దొరికిందని ఎంత సంతోషించానో!

సాయంత్రం కోడలు ఆఫీసునుంచి వచ్చింది. కిటికీ కింద చూసింది. నన్ను చూసింది. ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నది.

ఆ రాత్రి మా అబ్బాయి నా దగ్గర కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. ఆ దుంపలు మా వియ్యపురాలు పాతినవట. 2011 సెప్టెంబరులో కూతురి దగ్గరకు వచ్చి ఆరునెలలు వున్నదావిడ. అక్టోబరులో తన చేత్తో వాటిని పాతి, పూలెప్పుడు వస్తాయా అని రోజూ మట్టి చూసేదట. మార్చి మొదట్లో గడువు తీరి ప్రయాణమయ్యేనాటికి రెండంగుళాల మొలకలు మాత్రం కనిపించినవి. ఏప్రిల్లో పూసినప్పుడు కూతురు ఫోటో తీసి పంపింది. "వచ్చే యేడు కళ్లారా చూస్తానులే" అన్నదట. ఆ శ్రావణంలోనే గుండెపోటుతో పోయింది. అప్పటినుంచీ మా కోడలు యేటా మొదటి పూవు విచ్చిన రోజున ఒక ఫోటో తీసి దాచుకుంటుందట.

"ఆకులే కదరా, మళ్లీ రావా?" అన్నాను.

"ఆకులు వస్తాయమ్మా. పూలే రావేమో" అన్నాడు.

వాడి మాటే నిజమైంది. 2018 ఏప్రిల్లో ఆకులు నవనవలాడుతూ వచ్చినవి. పూవు మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. అలాంటి దుంపను అక్కడి తోటవాళ్లు 'గుడ్డిది' అంటారని తరువాత తెలిసింది. ఆ యేడు మా కోడలు ఫోటో తియ్యలేదు.

అంతేకాదు, నేను చేసిన ప్రాయశ్చిత్తం కూడా అదే నెలలో బయటపడింది. ముందటి అక్టోబరులో ఎవరికీ చెప్పకుండా, అంగడినుంచి 'రకరకాల రంగులు' అని వ్రాసి వున్న ట్యూలిప్ దుంపల సంచీ తెప్పించి, డాఫొడిల్స్ ముందు బారుగా, అంగుళం తేడా లేకుండా, బడిపిల్లల వరసలా పాతాను. యాభై దుంపలు. అందులో సగం ఉడతలు తవ్వి తిన్నవి. మన శ్రీరాముడు వీపు నిమిరిన ఉడత కాదు, పిల్లి అంత వుంటుంది! మొలిచినవాటిలో సగం రాత్రివేళ జింకలు వచ్చి మేసిపోయినవి. మిగిలిన పదీ పన్నెండూ మాత్రం పూసినవి. ఎలా? ఒక ఎర్రది ఏప్రిల్ నెలాఖర్న పూసి రాలిపోయాక, వారానికి ఒక గులాబీరంగుది. అది పోయాక ఒక నారింజది. పెళ్లివారు తలొక ముహూర్తానికి వచ్చి, ఎవరికీ ఎవరూ కనబడకుండా వెళ్లిపోయినట్లయింది. అది చూసి మా కోడలికి నవ్వు వచ్చింది. ఆపుకొన్నది గాని, నేను చూశాను. ఆ నవ్వే నాకు ధైర్యమిచ్చింది.

ఆ మర్నాడే మనవరాలిని వెంటబెట్టుకొని వాళ్ల వూరి లైబ్రరీకి వెళ్లాను. అది చదివి చెబుతూంటే నేను వింటూ, పెద్ద అక్షరాలవి నేనూ చదువుతూ, ఆ వేసవి అంతా ఈ దుంపల సంగతే చదివాం. నేను చేసిన పొరపాటేమిటో మొదటి పుస్తకంలోనే దొరికింది.

మల్లె కొమ్మ మొక్క. దాని బలం వేళ్లలోనూ కాండంలోనూ వుంటుంది. డాఫొడిల్, ట్యూలిప్ అలా కాదు. వాటి సంపాదనంతా దుంపలోనే దాచుకుంటాయి. పూవు వాడిపోయాక, ఆకు పచ్చగా వున్నన్నాళ్లూ ఎండ తాగి ఆ బలం కిందికి పంపిస్తుంది. వచ్చే యేటి మొగ్గ ఆ రోజుల్లోనే దుంప కడుపులో పుడుతుంది. అందుకని పూవు పోయాక కనీసం ఆరువారాలు, ఆకు దానంతటది పండి ఎండేదాకా, ముట్టుకోకూడదు. నేను ఆ ఇల్లాలు నెలాఖరు జీతం తెచ్చుకునే దారిలో కాపుకాసి లాక్కున్నానన్నమాట. అయితే దుంప చావదు. ఆకులను వాటి మానాన వాటిని వదిలేస్తే, రెండు మూడేళ్లకు మళ్లీ బలం పుంజుకొని పూస్తుంది.

ఈ మాట కోడలికి చెబుదామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. చివరికి ఒక ఆదివారం చెప్పాను. "చచ్చిపోలేదమ్మాయ్. అలిగినవి. అంతే" అన్నాను. ఆమె కాసేపు ఊరుకొని, "అయితే వాటినేమీ చెయ్యకండత్తయ్యా. అలా వదిలెయ్యండి" అన్నది.

"వాటిని ముట్టుకోను. వాటి చుట్టూ ఏమైనా వెయ్యనా?"

"ఏం వేస్తారు?"

"తెలుసుకొని చెబుతాను" అన్నాను.

ఇక అసలు పాఠం మొదలైంది. పూలరంగులు కలపటమంటే చీరకు రవిక కలపటంలాంటిదే అనుకున్నాను ఇన్నాళ్లూ. కాదు. చీర, రవిక బీరువాలోంచి తీసినప్పుడు వస్తాయి. పూలు వాటి ముహూర్తానికి అవి వస్తాయి. కనుక రంగుకన్నా ముందు చూడవలసింది తేదీ. రెండు పూలు ఒకేరోజున విచ్చుకొని వుంటేనేగా వాటికి జోడీ కుదిరేది! ఆ ప్రాంతంలో వరస ఇలా వుంటుంది: మంచు కరిగీ కరగకుండానే, మార్చిలో, చిట్టిచిట్టి క్రోకస్ పూలు. తరువాత డాఫొడిల్స్, వాటితోనే ఘాటైన వాసన వేసే హయసింతులు. ఏప్రిల్ నడిమి నుంచి ట్యూలిప్‌లు. వాటిలోనే ముందువి, నడిమివి, వెనకవి అని మూడు జట్లు. మే నెల చివర వెల్లుల్లి జాతికి చెందిన ఊదారంగు బంతులు. ఇది చదివి ఊరుకోక, 2018 వసంతంలో మనవరాలూ నేనూ రోజూ సాయంత్రం షికారు వెళ్లి, ఎవరింటి ముందు ఏ రోజున ఏది పూసిందో నోటుబుక్కులో వ్రాసుకున్నది పక్కన పెట్టుకొని చూశాం. పుస్తకం కన్నా ఆ నోటుబుక్కే మాకు ఎక్కువ పనికివచ్చింది. మన వీధిలో పూసేదే మన లెక్క.

రెండోది ఎత్తు. పొడుగువి వెనుక, పొట్టివి ముందు. మూడోది లోతు. దుంప ఎంత ఎత్తుంటే దానికి మూడింతల లోతున పాతాలి. పెద్దవి ఆరంగుళాల లోతున, చిన్నవి మూడంగుళాల లోతున అన్నమాట. అందుకనే ఒకే గుంటలో అడుగున పెద్దవి, పైన మట్టి వేసి చిన్నవి పేర్చవచ్చు. హాలండులో లిస్సె అనే వూళ్లో కోకెన్‌హాఫ్ అనే పెద్ద తోట వుంది. 1950లో ప్రజలకు తెరిచారు. అక్కడ యేటా డెబ్బయి లక్షల దుంపలు చేత్తో పాతుతారు; చాలాచోట్ల ఇలా అంతస్తులుగానే, ఒకటి అయిపోగానే మరొకటి అందుకునేటట్లు. నాలుగోది, వరసలు కట్టకూడదు. పదీ పదిహేను దుంపలు గుంపుగా వేస్తే దూరానికి ఒక రంగుముద్దగా కనిపిస్తుంది. ఒక్కొక్కటీ విడివిడిగా నిలబెడితే హాజరుపట్టీలా వుంటుంది. నేను వేసినవి అలాగే వున్నవిగా మరి!

ఇవి అన్నీ అయ్యాక రంగు. ఇక్కడ నాకొక చక్కని కథ దొరికింది. ఫ్రాన్సుదేశంలో షెవ్రోల్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు వుండేవాడు. పారిస్‌లో గోబెలాఁ అనే ప్రభుత్వ నేతశాలలో అద్దకాల విభాగానికి పెద్ద. అక్కడ నేసే గోడతెరల్లో నల్లరంగు వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చినవి. రంగులో లోపమేమో అని పరీక్ష చేస్తే, రంగు నిక్షేపంగా వుంది. లోపమల్లా పక్కనున్న నీలం, ఊదా దారాలది. ఒక రంగు ఎలా కనబడుతుందన్నది దాని ఇరుగుపొరుగులమీద ఆధారపడుతుందని ఆయన కనిపెట్టి, 1839లో పెద్ద గ్రంథమే వ్రాశాడు.

అది విని నేను నవ్వాను. మన ఉప్పాడ సాలెవాళ్లనడిగితే చెప్పరూ! పడుగు నీలం, పేక ఆకుపచ్చ వేస్తే నెమలికంఠం రంగు ఎలా తేలుతుందో వాళ్లకు తెలుసు. ఏ చీరకు ఏ అంచు పెడితే చీర వెలుగుతుందో, ఏది పెడితే చీర చస్తుందో వాళ్లకు తెలుసు.

కాని ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తూంటే, అది నవ్వే మాటలా కనిపించలేదు. ఆ అమ్మాయి పక్కన నేను ఏ రంగుని? తల్లిలేని పిల్ల పక్కకు వచ్చి, వాళ్లమ్మ మిగిల్చిపోయినదాన్ని కత్తెరతో శుభ్రం చేసినదాన్ని. చేసింది చెడుబుద్ధితో కాదు. అయినా పక్కన పడిన రంగు వెలవెలబోయిన మాట నిజమే.

షెవ్రోల్ లెక్క ప్రకారం పసుపు పక్కన నీలం పెడితే, పసుపు మరికాస్త బంగారపు ఛాయకు తిరుగుతుంది. నీలం మరికాస్త ఊదాకు తిరుగుతుంది. ఒకదాన్ని ఒకటి మింగవు. డాఫొడిల్స్‌తోపాటే పూసే నీలంపూవు ఏముందా అని మా నోటుబుక్కు తిరగేశాం. దొరికింది. దాని పేరు మస్కరి. జానెడు ఎత్తు కూడా వుండదు. కాడ చివర నీలపు పూసలు గుచ్చినట్లు, తలక్రిందులైన ద్రాక్షగుత్తిలా వుంటుంది. చవక. ఉడతలూ జింకలూ సాధారణంగా దాని జోలికి రావు. డాఫొడిల్ జోలికీ రావు. దాని దుంపలో విషముంటుంది. అందుకనే ఆ సంచీని వంటింట్లో ఉల్లిపాయల దగ్గర పెట్టకూడదు. కొత్తగా ఆ దేశం వెళ్లే అత్తగార్లందరికీ ఇది ముఖ్యంగా మనవి చేస్తున్నాను.

2018 అక్టోబరు నెలాఖరున వంద మస్కరి దుంపలు తెప్పించాం. వెల్లుల్లి రెబ్బకన్న కాస్త పెద్దవి. మనవరాలు స్కేలు పెట్టి మూడంగుళాలు కొలుస్తూంటే, డాఫొడిల్స్ దుంపలకు దెబ్బ తగలకుండా చుట్టూ గుంపులుగా నేను పాతుతున్నాను. చీకటి పడింది. వెనుక టార్చి వెలుతురు పడింది. తిరిగి చూస్తే కోడలు.

"అక్కడ కాదత్తయ్యా. వరస అక్కడ కాస్త వంకర తిరుగుతుంది. అమ్మకు నడుంనొప్పి. వంగలేక కాస్త పక్కకు పాతింది" అన్నది.

ఆ యింటికి వెళ్లిన రెండేళ్లలో ఆమె నాతో వాళ్లమ్మ మాట ఎత్తడం అదే మొదలు. టార్చి పట్టుకొని అలాగే నిలబడి, వాళ్లమ్మ ఆ రోజు చలికి మా అబ్బాయి కోటు వేసుకొని, దానిమీద శాలువ కప్పుకొని ఎలా పాతిందో చెప్పింది. దుంపలు తలక్రిందులుగా పెడుతుందేమోనని తను పక్కనే నిలబడి కేకలు వేసిందట. "పాపం, ఎన్ని మాటలన్నానో" అన్నది. నేనేమీ అనలేదు. వంద దుంపలూ అయ్యేదాకా టార్చి పట్టుకునే వున్నది.

నవంబరులో మళ్లీ నా గుండె జారింది. మస్కరి ఆకులు సన్నగా గరికలా అప్పుడే పైకి వచ్చేసినవి! చలికి చచ్చిపోతాయని నేను గోల పెడుతూంటే, ఈసారి కోడలే పుస్తకం తెచ్చి చూపించింది. వాటి స్వభావమే అంతట. ఆకులు చలికాలం ముందే వచ్చి మంచుకింద అలాగే వుంటాయట. నిజానికి ఈ జాతులకు చలి శత్రువు కాదు. డాఫొడిల్స్‌కూ ట్యూలిప్‌లకూ పన్నెండునుంచి పదహారు వారాల చలి తగిలితేగాని పూవు సరిగా రాదు. అందుకే మన రాజమండ్రిలో వాటిని కుండీలో పెట్టి ఎన్ని నీళ్లు పోసినా లాభం లేదు. మన దేశంలో చూడాలంటే శ్రీనగర్ వెళ్లాలి. జబర్వాన్ కొండల కింద వున్న తోటలో లక్షల ట్యూలిప్‌లు పూస్తాయి.

2019 ఏప్రిల్లో మట్టిమీద నీలపు నీడ పరచుకున్నది. డాఫొడిల్స్ ఎన్నో చెప్పమంటారా? నాలుగు. నాలుగే! కాని ఆ నాలుగూ నీలం నడుమ దీపాల్లా వున్నవి. కోడలు ఫోటో తీసింది. పూలు పోయాక ఆకులు మళ్లీ వాలినవి. వాటిని దాచటానికి ఒక ఉపాయం వుంది. డేలిలీ అనే మొక్కలు వెనకగా వేస్తే, డాఫొడిల్ ఆకు పండే వేళకు వాటి ఆకు పెరిగి, కంటికి కనబడకుండా కప్పేస్తుంది. అవి కూడా వేశాం.

మరుసటి యేడు 2020. ఆ వసంతం మీకందరికీ జ్ఞాపకమే. మార్చినెలలో న్యూజెర్సీలో అందరినీ యిళ్లల్లోనే వుండమన్నారు. బడి మూసేశారు. మా అబ్బాయి మేడమీద, కోడలు వంటింటి బల్లదగ్గర ఆఫీసు పని చేసుకునేవారు. వీధిలో పురుగు తిరగదు. రాత్రిపూట అంబులెన్సుల కూత. కాకినాడలో మా వియ్యంకుడుగారు ఒక్కరూ వున్నారు. ఆయనకేమైనా అయితే వెళ్లటానికి విమానాలు లేవు. కోడలు పైకి ఏమీ అనేది కాదు గాని, అన్నం దగ్గర చెయ్యి కదిలేది కాదు.

ఏప్రిల్ రెండోవారంలో ఒక ప్రొద్దున నేను కాఫీ కలుపుతున్నాను. "అత్తయ్యా!" అని కేక. ఏమైందోనని పరుగెత్తాను. కోడలు కిటికీ దగ్గర నిలబడి వున్నది. వంకర వరస వంకరగానే, ఈ చివరినుంచి ఆ చివరిదాకా పసుపు. చుట్టూ నీలం. నేను లెక్కపెట్టబోయాను. ముప్ఫయి దాటాక కళ్లు మసకలు కమ్మి లెక్క తప్పింది.

ఆమె వెంటనే ఫోను తీసి కాకినాడ చేసింది. తెరమీద వియ్యంకుడుగారు కనిపించారు. కిటికీ తెరిచి ఫోను బయటికి పట్టుకొని, "నాన్నా, చూడండి. అమ్మ వేసినవి. నీలపు అంచు అత్తయ్య వేసింది" అన్నది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అంచు బాగుందమ్మా" అన్నారు.

ఆ యేడు మనవరాలి పుట్టినరోజుకు ఎవరూ రాలేదు. వాకిట్లో డాఫొడిల్ ఆకులు వాలిపోయి, డేలిలీలను దాటుకొని దారిమీద కూడా పడినవి. ముగ్గు వెయ్యాలంటే అడ్డమే. కత్తెరకోసం సొరుగు తీశాను; ముగ్గుపిండి పొట్లం కట్టిన దారం తెంపటానికి సుమండీ! కత్తెర లేదు. ఇల్లంతా వెతికాను. చివరికి మనవరాలే వొప్పుకున్నది: ఏప్రిల్ నెలాఖరునుంచి జూన్ నెలాఖరుదాకా ఆ యింట్లో కత్తెర నాకు కనబడకుండా దాచే పని వాళ్లమ్మ దానికి వొప్పచెప్పిందట.

"ఎన్నాళ్లబట్టే?" అన్నాను.

"మూడేళ్లబట్టి మామ్మా" అన్నది.

కోడలు బల్లదగ్గరినుంచి తలెత్తకుండానే నవ్వుతున్నది. ఈసారి ఆపుకోలేదు. దారాన్ని పంటితోనే తెంపి, ఆకులు పడనంత మేర చిన్న ముగ్గు వేసి వచ్చాను.